కంచం ఎవరు కడగాలి?

అన్నం తిని, కంచం అక్కడే వదిలి కొడుకు లేచిపోతాడు. ఆ కంచం తీసేది కూతురు. ఇద్దరూ ఒకే బడికి పోతారు. ఒకే పాఠం చదువుతారు. ఇంటికొస్తే మాత్రం పనులు వేరు. ఎందుకని అడిగితే, "వాడు మగపిల్లాడు కదా" అంటాం.

ఈ మాట మన ఊళ్లోనే కాదు, హర్యానాలోనూ ఉంది. హర్యానా ఢిల్లీని ఆనుకుని ఉన్న రాష్ట్రం. అక్కడ ఆడపిల్ల పుడితే బరువనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో, ఆరేళ్ల వరకు వయసున్న మగపిల్లలు 1000 మంది ఉంటే ఆడపిల్లలు 834 మందే. మిగతావాళ్లు ఏమైనట్టు?

2014లో అక్కడి సర్కారు బళ్లలో ఒక కొత్త పని మొదలైంది. బ్రేక్‌త్రూ అనే సంస్థ దాన్ని నడిపింది. పేరు 'తారోం కీ టోలీ'. అంటే చుక్కల గుంపు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో మొదలై రెండున్నరేళ్లు సాగింది. మూడు వారాలకోసారి, ముప్పావు గంట.

అది వల్లెవేసే పాఠం కాదు. ఆటలు, చిన్న నాటకాలు, చర్చలు. ఇంట్లో ఏ పని ఎవరు చేస్తున్నారు? వాళ్లే ఎందుకు చెయ్యాలి? ఆడపిల్ల పెద్ద చదువు చదివితే తప్పేంటి? జవాబులు పిల్లలే వెతుక్కోవాలి. తమ మాట ఇతరులకు నచ్చచెప్పడం ఎలాగో కూడా నేర్పారు. ఇది చాలా అవసరం. బడిలో గలగలా మాట్లాడే పిల్ల ఇంట్లో నాన్న ముందు నోరు విప్పదు మరి!

తర్వాత పరిశోధకులు ఆ పిల్లల్ని ప్రశ్నలడిగారు. ఈ పాఠాలు జరగని బళ్ల పిల్లలతో పోల్చి చూశారు. వంద పాత అభిప్రాయాల్లో 16 మారాయి. రెండేళ్లు పోయాక అడిగినా ఆ మార్పు నిలిచే ఉంది. మగపిల్లలు ఇంటిపనిలో చెయ్యి వేస్తున్నామన్నారు. అలా అన్నది వాళ్లు. అసలు సంగతి అమ్మలకే తెలియాలి!

16 తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ పాఠం మూడు వారాలకోసారి. మిగతా రోజులన్నీ పిల్లలు చూసేది ఇంటినే.

పలక తీసుకోండి. మధ్యలో గీత గియ్యండి. ఒక పక్క 'అబ్బాయి', ఇంకో పక్క 'అమ్మాయి' అని రాయండి. నీళ్లు తేవడం, ఊడవడం, అంట్లు తోమడం, చంటిపిల్లను ఎత్తుకోవడం, కొట్టుకు పోయిరావడం. నిన్న మీ ఇంట్లో వీటిలో ఏది ఎవరు చేశారో ఆ పక్కన రాయండి. రాసింది మీ పిల్లలకు చదివి వినిపించండి. వాళ్లేమంటారో వినండి.