నోట నుంచబడిన కీర్తన

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 31:19–26; కొలొస్సయులకు 3:16

మోషే తన మరణమునకు ముందు ధర్మశాస్త్రమును గ్రంథములో వ్రాసి యాజకులకు అప్పగించెను. దేవుడు అంతటితో విడువక, ఒక పాట వ్రాసి జనుల నోట నుంచుమనెను. గ్రంథము మందసము ప్రక్కన నుండును. పాట పొలమునకు కూడ వెళ్లును.

మన సీమలోను ఇట్లే జరిగెను. 1876–78 కరవు పిమ్మట, 1878 జూలై 3న, ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగపల్లెలనుండి వచ్చిన నిరక్షరాస్యులు. బైబిలు చేతికిచ్చినను ఎవరు చదువుదురు? ఉపదేశకులు కొద్దిమంది, పల్లెలు అనేకము. ఉపదేశకుడు వెళ్లిపోయినను కీర్తన ఊరిలో నిలిచెను. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన దేశపు రాగతాళములలోనే, పల్లవి చరణములతో కీర్తనలు రచించిరి. ఒకరు ఎత్తుకొనగా తక్కినవారు పల్లవి అందుకొందురు. పత్తి తీయుచు, మిరప కల్లములో తొడిమలు తీయుచు పాడుటకు పుస్తకమెందుకు? నేటికిని లూథరనులైనను బాప్టిస్టులైనను పాడునది ఆంధ్ర క్రైస్తవ కీర్తనలనే. (బాప్తిస్మమును గూర్చి వాదించువారు రాగమును గూర్చి వాదింపరు!)

పౌలు పాటను ఆరాధనకు అలంకారమని చెప్పలేదు. ఒకనికొకడు బోధించుటయు బుద్ధి చెప్పుటయు దాని పని యనెను. మోషే పాటకు ఇంకను కఠినమైన పని కలదు: అది జనులమీద సాక్షి. కూలివాని కూలి బిగబట్టిన రైతు ఆదివారమున క్షమాపణ కీర్తన పాడినయెడల, ఆ కీర్తనయే అతనిమీద సాక్ష్యము పలుకును. ఈ సంగతి మనము తలంచుట అరుదు.

ఇప్పుడు మన మందిరములలో పాట తెరమీద కనబడుచున్నది. ఒక ఆదివారము కరెంటు పోగా మా సంఘమంతయు రెండవ చరణముతో ఆగిపోయెను. నేనును ఆగితిని. ముప్పది యేండ్లు సండేస్కూలులో పాటలు నేర్పినవాడను!

ఆ వారములోనే మంచము పట్టిన ఒక వృద్ధురాలిని చూడబోతిని. ఆమె బడి ముఖము చూడలేదు. బ్రతుకంతయు మిరప కల్లములలో గడిచెను. ఇప్పుడు కూతురిని చెల్లెలి పేరుతో పిలుచుచున్నది. నేను ఒక కీర్తన ఎత్తుకొని, మూడు చరణములు పాడి, ప్రార్థనకు తల వంచితిని.

“అదేంది నాయనా, ఆఖరి చరణం వదిలిపెట్టావే?” అని ఆమె అడిగెను.

సంచిలోనుండి పుస్తకము తీసి, కళ్లద్దములు వెదకుకొనుచుంటిని. ఆమె నా కొరకు ఆగలేదు. అప్పటికే పాడుచుండెను.