గుండెకు మూలకణాలు – మనం తెలుసుకోవలసినది

గుండెపోటులో చచ్చిపోయిన కండరం మళ్ళీ పెరగదు. అక్కడ మచ్చ కడుతుంది. "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే బాగవుతుందట కదా?" అని చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. చిక్కేమిటంటే, ఎక్కించిన ఈ మూలకణాలలో ఎక్కువ భాగం గుండెలో నిలవదు, రక్తంతో కొట్టుకుపోతుంది. అందుకే నానో రేణువులు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు. 2014లో అమెరికా పరిశోధకులు రక్తహీనతకు వాడే ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప మందు రేణువులను మూలకణాలలో చేర్చి, ఎలుకల గుండెకు ఎక్కించి, పైన అయస్కాంతం ఉంచారు. కణాలు ఎక్కువగా నిలిచాయి, గుండె పనితీరు మెరుగైంది. అయితే మనుషులకు ఇది ఇంకా మామూలు వైద్యం కాలేదు. కాబట్టి ప్రకటనలు నమ్మి పొలాలు అమ్ముకోకండి. డాక్టరు రాసిన మాత్రలు మానకండి. ఛాతీ నొప్పి, చెమటలు వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి.