పచ్చిమేత బేరంలో సాళ్ల దూరం, నాటే అదను

వరిగడ్డి, జొన్నచొప్ప బేరాలలో ఆరితేరిన వర్తకులు సైతం పచ్చిమేత దగ్గరకు వచ్చేసరికి తడబడటం కద్దు. ఎండుమేత వామిలో కంటి ఎదుట ఉంటుంది. పచ్చిమేత చేలో ఉంటుంది. ఎప్పుడు, ఎంత చేతికి వచ్చేదీ నాటిన దూరాన్ని, నెలను బట్టి లెక్క వేసుకోవలసిందే. డెయిరీలకు రోజువారీ సరఫరా ఒప్పుకునేవారికి ఈ లెక్క తప్పితే నష్టం తప్పదు.

హైబ్రిడ్ నేపియర్ గడ్డినే తీసుకుందాం. ఇది సజ్జకు, ఏనుగుగడ్డికి పుట్టిన సంకరం. మొలకెత్తే విత్తనం దీనికి ఏర్పడదు. చెరకు మాదిరిగా రెండు కణుపుల ముచ్చెలు గాని, వేరు పిలకలు గాని నాటాలి. ఎ.పి.బి.ఎన్-1, కో-4 రకాలు రెండూ ఇంతే. అందువల్ల ఇందులో గడ్డి బేరం ఒకటి, ముచ్చెల బేరం వేరొకటి.

ముచ్చెల ఆర్డరును ఎకరాల లెక్కన పుచ్చుకోవటం మంచి పద్ధతి కాదు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 50 సెంటీమీటర్లు ఉంచితే సుమారు 13,500 ముచ్చెలు పడతాయి. అదే 90, 60 సెంటీమీటర్లయితే 7,500 చాలు. దూరం రాసుకోకుండా "ఐదెకరాలకు ముచ్చెలు" అని ఒప్పుకుంటే 30 వేల ముక్కల తగాదాకు తలుపు తీసినట్లే.

దగ్గరగా నాటిన చేను మొదటి ఒకటి రెండు కోతలలో ఎక్కువ తూగుతుంది. కాడ సన్నగా ఉంటుంది. ఎడంగా నాటితే దుబ్బులు బలిసి పిలకలు ఎక్కువ వేస్తాయి, తరువాతి కోతలలో తేడా చాలావరకు పూడుతుంది. నీరు చాలని చోట దగ్గర సాళ్లే వేసవిలో ముందుగా వాడతాయి. ఏడాది కౌలుదారు దగ్గర సాళ్లు కోరటం సహజం. మూడు నాలుగేళ్లు చేను నిలుపుకోదలచినవారికి ఎడం సాళ్లే మేలని మా అభిప్రాయం; మధ్యలో అలసంద వేసుకునే వీలు కూడా ఉంటుంది.

ఇక అదను. ఇది వెచ్చదనం కోరే గడ్డి. ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగితే ఎదుగుదల దాదాపు ఆగుతుంది. నీటి వసతి ఉంటే ఫిబ్రవరి, మార్చి. లేకుంటే తొలకరి వర్షాలకు నాటాలి. మొదటి కోత సుమారు 75 రోజులకు, ఆపైన 45 రోజులకొకటి. ఫిబ్రవరి నడుమ నాటితే మే మొదట్లో, అంటే మేతకు కటకటగా ఉన్న రోజులలో సరుకు చేతికి వస్తుంది. జూన్ చివర నాటితే సెప్టెంబరు నడిమికి వస్తుంది. అప్పటికి ప్రతి పొలం గట్టు మీదా గడ్డే!

వానకాలపు గడ్డిలో నీరు ఎక్కువ. ఉదాహరణకు టన్ను 2,000 రూపాయలు అనుకుందాం. ఎండు పదార్థం నూటికి 20 వంతులుంటే కిలో 10 రూపాయలు పడుతుంది. 15 వంతులే ఉంటే 13 రూపాయలు దాటుతుంది. రెండు కాలాలకూ ఒకే రేటు రాసుకున్న కొనుగోలుదారు వానకాలంలో నీటికి డబ్బు చెల్లిస్తున్నాడన్న మాట.

ముచ్చెలకైతే కాడ ముదరాలి. మూడు నెలలకు పైగా చేను కోయకుండా ఉంచాలి కనుక రైతు సుమారు రెండు కోతల గడ్డి వదులుకుంటాడు. ముచ్చెల ధరలో ఆ మొత్తం కలిసి ఉంటుంది. నరికిన ముచ్చెలు త్వరగా వడలుతాయి. లారీ బయలుదేరే ముందే అవతల చేను దుక్కి, తడి సిద్ధమైనదీ లేనిదీ కనుక్కోవాలి.