అవసరమైనప్పుడే కనెక్షన్

సింబియన్ కాలంలో నోకియా ఎన్70, ఎన్73 వాడినవాళ్లకు సెట్టింగ్స్‌లో ఓ చిన్న ప్రశ్న ఎదురయ్యేది. ప్యాకెట్ డేటా కనెక్షన్ ఎప్పుడు కావాలి? జవాబులు రెండే. ‘వెన్ అవైలబుల్’ అని పెడితే సిగ్నల్ ఉన్నంతసేపూ ఫోను డేటా నెట్‌వర్క్‌లో నమోదై ఉంటుంది. ‘వెన్ నీడెడ్’ అని పెడితే మీరు బ్రౌజరో మెయిలో తెరిచినప్పుడే కనెక్షన్ మొదలవుతుంది.

ప్రీపెయిడ్‌లో 10 కేబీకి 10 పైసలు కట్టయ్యే రోజులవి. ఒక్క ఎంబీకి పది రూపాయల పైమాటే. ఇప్పుడు రోజువారీ ప్యాక్‌లో వచ్చే 2 జీబీని ఆ రేటుకు కొంటే ఇరవై వేల రూపాయలు దాటేది. అందుకే నెట్ ఆన్ చేసేముందు ఎందుకు చేస్తున్నామో తెలిసుండేది. పని కాగానే ఆపేసేవాళ్లం. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది, బిల్లు భయం పోయింది. మంచిదే. కానీ దాంతోపాటే ‘ఇప్పుడు నాకిది అవసరమా?’ అని ఓ క్షణం ఆగి అడిగే అలవాటు కూడా పోయింది. డబ్బు ఖర్చు తగ్గింది గానీ, ధ్యాస ఖర్చు ఎవరి బిల్లులోనూ కనిపించకుండా పెరుగుతూ వచ్చింది.

ఉదయం తొమ్మిదింటికి హైదరాబాద్ అమీర్‌పేటలో రాయదుర్గం మెట్రో ఎక్కి చూడండి. నిలబడటానికే చోటుండదు, అయినా ఒక చేయి హ్యాండిల్ మీద, మరో చేయి ఫోను మీద. టీమ్స్‌లో రాత్రి క్లయింట్ పెట్టిన మెసేజ్, దాని మీద పది రిప్లైలు. టీమ్ వాట్సాప్ గ్రూప్, అపార్ట్‌మెంట్ గ్రూప్, పిల్లల స్కూల్ గ్రూప్. మధ్యలో ఫుడ్ యాప్ డిస్కౌంటు. రాయదుర్గంలో దిగి మైండ్‌స్పేస్ వైపు నడిచే మనిషి ఇంకా సిస్టం ముందు కూర్చోనేలేదు, అప్పుడే సగం అలసిపోయాడు. పైగా ‘ఎప్పుడు పింగ్ చేసినా వెంటనే రిప్లై ఇస్తాడు’ అన్న పేరు ఈ ఐటీ కారిడార్‌లో ఓ అర్హతలా చలామణీ అవుతోంది. అప్రైజల్‌లో అదే రాయించుకోవాలని చాలామంది తాపత్రయపడుతున్నారు. ఆ పేరు కోసం ఇస్తున్న మూల్యం చాలా పెద్దది. మీ మనసును ‘వెన్ నీడెడ్’లో పెట్టండి. కెరీర్‌కు నష్టం రాదు, పని నాణ్యత పెరుగుతుంది. ఎలాగో ఫోనే చూపిస్తుంది.

4జీ వచ్చాక ఆ పాత ప్రశ్నే మెనూలోంచి మాయమైంది. ఎల్‌టీఈ ఫోను నెట్‌వర్క్‌లో నమోదు కాగానే దానికొక ఐపీ చిరునామా, ఒక డేటా దారి సిద్ధమవుతాయి. అవి అలాగే ఉంటాయి. మరి రోజంతా రేడియో మండుతూనే ఉంటే బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేయాలి కదా? ఎత్తేయదు. కాసేపు డేటా రాకపోకలు లేకపోతే రేడియో కనెక్షన్‌ను నెట్‌వర్క్ విడిచేస్తుంది, ఫోను నిద్రలోకి జారుకుంటుంది. 0.32 నుంచి 2.56 సెకన్ల మధ్య నెట్‌వర్క్ నిర్ణయించిన వ్యవధికోసారి మాత్రం కళ్లు తెరిచి, ‘నన్నెవరైనా పిలిచారా?’ అని విని మళ్లీ నిద్రపోతుంది. పిలుపుంటేనే పూర్తిగా లేస్తుంది. అందుబాటులో ఉండటం వేరు, అనుక్షణం కనెక్ట్ అయి ఉండటం వేరు. ఇంజినీర్లు ఈ తేడాను ఫోనులో పెట్టారు. మనం మన దినచర్యలో పెట్టుకోలేదు.

ఇంకో సంగతి మీకు నిజంగా పనికొస్తుంది. రేడియోకు ఒక మొండితనం ఉంది. పని అయిపోయిన వెంటనే అది పడుకోదు, ప్రతి పని వెనకా ఓ ‘తోక’ మిగులుతుంది. ఆండ్రాయిడ్ డెవలపర్లకు గూగుల్ ఇచ్చిన పాఠంలో 3జీ రేడియో ఉదాహరణ ఉంటుంది. చివరి ప్యాకెట్ వెళ్లాక 5 సెకన్లు పూర్తి శక్తితోనే వేచి ఉంటుంది, తర్వాత మరో 12 సెకన్లు తక్కువ శక్తితో, ఆ తర్వాతే విశ్రాంతి. ఇప్పుడు లెక్క చూడండి. ఒక యాప్ నిమిషంలో మూడుసార్లు, ఒక్కోసారి ఒక్క సెకను చొప్పున, విడివిడిగా డేటా పంపిందనుకుందాం. అసలు పని 3 సెకన్లే. కానీ రేడియో 18 సెకన్లు పూర్తి శక్తితో, మిగతా 42 సెకన్లు తక్కువ శక్తితో నడుస్తుంది. నిమిషంలో ఒక్క క్షణం కూడా నిద్ర లేదు. అదే మూడింటినీ కలిపి ఒక్కసారే పంపితే 8 సెకన్లు పూర్తి శక్తి, 12 సెకన్లు తక్కువ శక్తి, మిగతా 40 సెకన్లు హాయిగా విశ్రాంతి. పని అంతే, డేటా అంతే. మారింది పంపిన పద్ధతి.

మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో కోడ్ రాసేవాళ్లలో ఈ పాఠం తెలిసినవాళ్లు బోలెడంత మంది. క్వాల్‌కామ్ హైదరాబాద్ ఆఫీసులో ఇంజినీర్లు చేసేదే మొబైల్ చిప్‌ల పని. యాప్ పదేపదే సర్వర్‌ను తడుముతుంటే కోడ్ రివ్యూలో వెంటనే పట్టుకుంటారు. ‘బ్యాచ్ చెయ్యి’ అని కామెంట్ పెడతారు. ఆ కామెంట్ పెట్టినవాళ్లే పది నిమిషాల్లో నాలుగుసార్లు చాట్ విండో తెరుస్తారు.

మనిషికీ ఆ తోక ఉంది. సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన పత్రంలో దాన్ని చూపించారు. ఒక పని పూర్తికాకుండా ఇంకో పనికి మారితే, మన ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుంది, కొత్త పని ఆ మేరకు దెబ్బతింటుంది. 2008లో గ్లోరియా మార్క్ బృందం చేసిన ప్రయోగం మరో కోణం చూపింది. అంతరాయాలు ఎదురైనవాళ్లు పనిని ఆలస్యం చేయలేదు, వేగం పెంచి పూర్తిచేశారు. కానీ ఆ వేగానికి ఒత్తిడి, చిరాకు, హడావుడి రూపంలో మూల్యం చెల్లించారు. సాయంత్రం ఏడింటికి ‘ఈరోజు పెద్దగా ఏమీ చేయలేదు, అయినా ఒళ్లు హూనమైపోయింది’ అని క్యాబ్‌లో కూలబడే వాళ్లకు కారణం ఇందులో దొరుకుతుంది. మీరు చేసిన పని మూడు సెకన్లదే కావచ్చు, రేడియో మాత్రం నిమిషమంతా మండింది.

అందుకే రిప్లైలను బ్యాచ్ చేయండి. పదకొండింటికి ఒకసారి, భోజనానికి ముందు ఒకసారి, నాలుగింటికి ఒకసారి. కూర్చుని వరసగా అన్నీ చదివి, అన్నింటికీ జవాబిచ్చి, విండో మూసేయండి. ‘చూశాను, తర్వాత చెప్తా’ అని సగం జవాబివ్వకండి. అది మీ తలలోనూ, ఎదుటివారి తలలోనూ రెండు తోకల్ని వదులుతుంది.

హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకు ఒక గొప్ప వెసులుబాటు ఉంది. ఎందుకోగానీ దాన్ని ఎవరూ వాడుకోరు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు సాయంత్రం ఆరున్నర, వాళ్ల చలికాలంలో ఏడున్నర. అంటే మనం పొద్దున స్టాండప్ ముగించి సీట్లో కూర్చునేసరికి అమెరికా క్లయింట్ గాఢనిద్రలో ఉంటాడు. సాయంత్రం దాకా అటువైపు నుంచి పిలుపు వచ్చే అవకాశం దాదాపు లేదు. కష్టమైన డిజైన్ ఆలోచించడానికి, మొండి బగ్ పట్టుకోవడానికి, కొత్త విషయం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఏ నగరానికి దొరుకుతుంది? ఆ బంగారంలాంటి గంటల్ని మనలో మనం పింగ్ చేసుకుంటూ పాడుచేసుకుని, అసలు కోడింగ్ రాత్రి కాల్స్ అయ్యాక మొదలుపెడుతున్నాం.

ఆ గంటలకు ఆండ్రాయిడ్ దగ్గరే ఒక నమూనా ఉంది. 2015లో ఆండ్రాయిడ్ 6.0తో ‘డోజ్’ వచ్చింది. ఛార్జింగ్‌లో లేని ఫోను స్క్రీన్ ఆరిపోయి, కదలకుండా కొంతసేపు ఉంటే, యాప్‌లకు నెట్‌వర్క్‌ను ఆపేస్తుంది. సింక్‌లు, బ్యాక్‌గ్రౌండ్ పనులన్నీ వాయిదా పడతాయి. మధ్యమధ్య ఓ చిన్న కిటికీ తెరుచుకుంటుంది. వాయిదా పడినవన్నీ ఆ కాసేపట్లో జరిగిపోతాయి. సమయం గడిచేకొద్దీ ఆ కిటికీల మధ్య దూరం పెరుగుతుంది. అయితే ఫోను చెవిటిదైపోదు. అలారం మోగుతుంది. ‘హై ప్రయారిటీ’ ముద్రతో వచ్చిన సందేశం డోజ్‌ను దాటుకుని లోపలికొస్తుంది.

ఆ ముద్రను దుర్వినియోగం చేస్తే ఏమవుతుందో తెలుసా? ఒక యాప్ పదేపదే హై ప్రయారిటీ సందేశాలు పంపి, తీరా వాటితో వాడేవాళ్లకు చూపాల్సిన నోటిఫికేషన్ ఏదీ లేకపోతే, గూగుల్ సందేశ వ్యవస్థ ఆ యాప్ ప్రాధాన్యాన్ని తగ్గించి మామూలు క్యూలోకి నెట్టగలదు. నాన్నా పులి కథే. ప్రతి మెసేజ్‌కూ ‘అర్జెంట్’ తగిలించే లీడ్‌లకు ఈ నియమం గట్టిగా చెప్పాలి. మీరు వాడే అర్జెంట్‌కు విలువ ఉండాలంటే దాన్ని తక్కువగా వాడండి.

‘మాది సపోర్ట్ ప్రాజెక్ట్ అండీ, ప్రొడక్షన్ పడిపోతే?’ అంటారు. నిజమే, పడిపోతుంది. దానికోసమే ఆన్‌కాల్ రోస్టర్ ఉంది. ఈ వారం ఒకరు మేలుకుని ఉంటారు, వాళ్ల ఫోనే మోగుతుంది. మిగతావాళ్లంతా మేలుకుని ఉండటం వల్ల సర్వర్ తొందరగా లేవదు. వచ్చే వారం వంతు వచ్చేసరికి వాళ్లూ అలసిపోయి ఉంటారు, అంతే. మీ టీమ్‌లో రోస్టర్ లేకపోతే అందరూ కనెక్ట్ అయి ఉండటం దానికి మందు కాదు. రోస్టర్ తయారుచేయమని అడగండి. అడగటంలో తప్పులేదు.

ఇక ఫోను సంగతి. సెట్టింగ్స్‌లో డేటా సేవర్ ఉంటుంది, 2016లో ఆండ్రాయిడ్ 7.0 నుంచీ ఉంది. అది ఆన్ చేస్తే మీరు మినహాయించిన యాప్‌లు తప్ప మిగతావి బ్యాక్‌గ్రౌండ్‌లో మొబైల్ డేటా వాడలేవు. ఐఫోన్‌లో 2021 నుంచి ఫోకస్ ఉంది, నోటిఫికేషన్లను మూటకట్టి మీరు చెప్పిన టైముకు ఇచ్చే ఏర్పాటూ ఉంది. వాడండి. ‘ఊళ్లో అమ్మ ఫోన్ చేస్తే?’ అన్న భయం వద్దు. ఆండ్రాయిడ్ డు నాట్ డిస్టర్బ్‌లో రిపీట్ కాలర్స్ ఆన్ చేస్తే, ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేసినప్పుడు ఫోను మోగుతుంది. ఐఫోన్‌లో ఆ గడువు 3 నిమిషాలు. ‘అమ్మా, అవసరమైతే వెంటనే రెండోసారి చెయ్యి’ అని ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి. ఆమెకూ ధైర్యం, మీకూ నిశ్చింత.

సింబియన్‌లో మరో విశేషం ఉండేది. ‘వెన్ అవైలబుల్’ పెట్టి, డేటా కవరేజీ లేని చోటికి వెళితే, ఫోను ఊరుకోకుండా మళ్లీమళ్లీ కనెక్షన్ కోసం ప్రయత్నించేది. ఆఫీసు సెల్లార్ పార్కింగ్‌లో ఇప్పటి ఫోన్లూ సిగ్నల్ కోసం అలాగే వెతుక్కుంటాయి. మేనేజరు జవాబు ఇంకా రాలేదని, రెండు నీలి టిక్‌లు పడ్డా రిప్లై లేదని గంటకు పదిసార్లు తెరిచి చూసేవాళ్లూ అంతే. చెప్పాల్సింది స్పష్టంగా రాయండి, ఎప్పటిలోగా కావాలో రాయండి, మళ్లీ ఎప్పుడు చూడాలో మీరే నిర్ణయించుకుని పక్కన పెట్టండి.

అన్నింటికంటే నాకు నచ్చేది ఆ పాత ఫోన్ల ఇంకో పద్ధతి. అప్పటి జీపీఆర్ఎస్ ఫోన్లలో ఎక్కువ శాతం, వాయిస్ కాల్ నడుస్తుండగా డేటా కనెక్షన్‌ను హోల్డ్‌లో పెట్టేవి. మాట పూర్తయ్యాక డేటా తిరిగి మొదలయ్యేది. మనిషి గొంతుకే మొదటి స్థానం. కొత్తగా చేరిన జూనియర్ మీ డెస్క్ దగ్గరికొచ్చి తడబడుతూ సందేహం అడుగుతున్నప్పుడు, ఇంట్లో పాప స్కూల్లో జరిగింది చెబుతున్నప్పుడు ఆ నియమం పాటించండి. స్క్రీన్ బోర్లా పెట్టి వాళ్ల మొహం చూడండి. డేటా ఎక్కడికీ పోదు.

పని వేళలు దాటాక సందేశాలకు స్పందించకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టు నుంచి చట్టంలో పెట్టాయి. మన లోక్‌సభలో 2018లో ఎంపీ సుప్రియా సూలే ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. టీమ్ లీడ్‌లూ, మేనేజర్లూ, ఈ పని మీ చేతుల్లోనే ఉంది. రేపటి స్టాండప్‌లో రెండే విషయాలు తేల్చండి. పగలు ఏ రెండు గంటలు ఎవరూ ఎవరినీ పింగ్ చేయకూడదు? నిజంగా అర్జెంట్ అయితే ఎవరికి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఆ రెండింటినీ టీమ్ ఛానెల్‌లో పిన్ చేయండి. మొదటి వారం ఆ నియమాన్ని మీరే ముందుగా పాటించండి.