రాణి గిట్ట మీద చెయ్యి పెట్టి చూడు

నస్పూర్,
జ్యేష్ఠ మాసం, చివరి వారం.

చిరంజీవి చిన్నోడికి పెద్దబాపు ఆశీస్సులు.

 

మొన్న పెళ్లి ఊరేగింపులో నీతో ఒక మాట చెప్పాలని చూశాను. డీజే మోతలో నీకు వినపడలేదు. మర్నాడు ఫోన్ చేస్తే బండి మీద ఉన్నానన్నావు. ఇది సగం విని వదిలేసే సంగతి కాదు, అందుకే కాగితం పట్టాను. చదివి కొట్టం గోడకు అంటించుకో.

నీ గుర్రం రాణి గురించే. పెళ్లికొడుకు దిగాక దాన్ని పక్కకు కట్టేసి నువ్వు భోజనానికి పోయావు. నేను దాని దగ్గరే ఉండిపోయాను. ముందు కాళ్లు రెండూ ముందుకు చాపి, ఒంటి బరువంతా వెనక్కి వేసి నిలబడింది. కాసేపు కుడి కాలు, కాసేపు ఎడమ కాలు, ఎండకు మాడిన బండ మీద ఉత్త కాళ్లతో నిలబడ్డట్టు మార్చుకుంటోంది. అప్పటికి రాత్రి పది దాటింది. రోడ్డు చల్లబడింది. గిట్ట మీద అరచెయ్యి పెడితే మాత్రం వేడి. గిట్టకు పైన, కీలు వెనక రెండు వేళ్లు ఆనిస్తే నాడి ఎగిరెగిరి కొట్టుకుంటోంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అక్కడ నాడి వెతికితే గానీ దొరకదు. ముప్పై ఏళ్లు పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసినవాణ్ణి, అది వేలికి తగలగానే నా గుండె జారింది.

లాడం కొట్టే ఆయన రాయి గుచ్చుకుందన్నాడట కదా. రాయి గుచ్చుకుంటే ఒక్క కాలే ఎత్తి పట్టుకుంటుంది. ముందు కాళ్లు రెండూ ఒక్కసారే నొస్తున్నాయంటే నొప్పి గిట్ట లోపల పుట్టింది. డాక్టర్లు దీన్ని లామినైటిస్ అంటారు. గిట్టంటే పెద్ద గోరు అనుకో, దాని లోపల ఒక ఎముక. గోరుకూ ఎముకకూ నడుమ సన్నటి పొరలు, రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. గుర్రం బరువు మొత్తం ఆ పట్టు మీదే వేలాడుతుంది. ఆ పొరలు సాగి పట్టు సడలితే ఎముక కొన కిందికి తిరుగుతుంది. ఇంకా ముదిరితే అరికాలిని చీల్చుకుని బయటికొస్తుంది.

దీనికి మూలం కాలిలో లేదు బిడ్డా, కడుపులో ఉంది. ఆ రాత్రి దాని ఒళ్లంతా తడిమి చూశాను. జూలు కింద మెడ దిమ్మకట్టింది. తోక మొదట్లో మెత్తటి కొవ్వు గడ్డలు. పక్కటెముకలు ఎంత వెతికినా చేతికి తగల్లేదు. గిట్టల మీద గీతలు ముందువైపు ఇరుకుగా, మడమవైపు ఎడంగా ఉన్నాయి. అంటే ఈ నొప్పి ఇదే మొదటిసారి కాదు. ఇంతకు ముందు వచ్చి, మనకు తెలియకుండానే పోయింది.

అలా ఒళ్లు చేసిన గుర్రంలో ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. వినిపించడానికి ఒళ్లు ఇంకా ఇంకా ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులినే గిట్టలోని పొరలను పాడుచేస్తుంది. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఏ రోగమూ లేని పోనీ గుర్రాలకు రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉండేట్టు ఎక్కిస్తూ పోయారు. 72 గంటల్లోపే అన్నిటికీ నాలుగు కాళ్లలోనూ ఈ జబ్బు వచ్చింది. అందుకే మీ బాపు షుగర్ మిషన్‌తో రాణి రక్తం చూసి ‘షుగర్ లేదు’ అని ధైర్యపడకు. గుర్రంలో చక్కెర మామూలుగానే ఉండి, ఇన్సులిన్ ఆకాశానికి ఎక్కి ఉండొచ్చు. చూపించాల్సింది ఇన్సులిన్ పరీక్ష.

నువ్వు దానికి తక్కువ చేయలేదని నాకు తెలుసు. పొద్దున ఉలవలు, సాయంత్రం నానబెట్టిన శనగలు, పైన బెల్లం. పెళ్లికి పోతే చుట్టాలు నోట్లో పెట్టే లడ్డూలు. మీ బాపును గుర్తు తెచ్చుకో. అయిదో గనిలో కోల్‌ఫిల్లర్‌గా తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు టబ్బులు నింపిన రోజుల్లో గిన్నెడు అన్నం తిన్నా చెమటై పోయేది. దిగిపోయినంక పని ఆగింది, గిన్నె మాత్రం తగ్గలేదు. ఆ తర్వాతే షుగర్, ఆ తర్వాతే కాలి పుండు, వేలు తీసెయ్యడం. గుర్రాల సంగతీ అంతే. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1913 నాటికి సుమారు 70 వేల గుర్రాలు టబ్బులు లాగేవి. ఆ కష్టానికి ఎంత దాణా అయినా చెల్లింది. నీ రాణి ముహూర్తం ఉన్న రాత్రి రెండు మూడు గంటలు మెల్లగా నడుస్తుంది, మిగతా రోజులు గుంజకు నిలబడుతుంది. రేపు ఆషాఢం వస్తే ముహూర్తాలే ఉండవు. పైగా వానకు లేత పచ్చగడ్డి మొలుస్తుంది, అందులోనూ చక్కెర ఉంటుంది. నా భయమంతా ఆ నెల గురించే.

ఒక పాపం నేనూ చేశాను, నీకు చెప్పాలి. కొలువులో కొత్తగా చేరినప్పుడు ఒకాయన తన టాంగా గుర్రాన్ని తెచ్చాడు. ఇలాగే వెనక్కి వాలి నిలబడింది. పట్టేసిందనుకుని, నాలుగడుగులు నడిపిస్తే సర్దుకుంటుందని చెప్పాను. పెద్ద డాక్టరు వచ్చేదాకా ఆగలేదు. ఆయన నా మాట నమ్మి వారం రోజులు నడిపించాడు. ఎనిమిదో రోజు అది పడుకుంది, మళ్లీ లేవలేదు. అరికాలిలోంచి ఎముక కొన కనపడింది. నడిపించిన ప్రతి అడుగుకూ లోపల పట్టు తెగిందని నాకు అప్పటికి తెలియదు. తెలియని చోట నోరు తెరవకూడదని ఆ గుర్రం నేర్పింది.

కాబట్టి ముందు ఒప్పుకున్న పెళ్లిళ్లు వదిలేయ్. అడ్వాన్సులు తిరిగిచ్చేయ్, తక్కువ పడితే నేను సర్దుతాను. రాణిని నడిపించకు. కొట్టంలో జానెడు మందాన గోదావరి ఇసుక పొయ్యి, దాని మీద నిలబడనీ, పడుకోనీ. మొదటి రెండు మూడు రోజులు మోకాలి కింద దాకా ఐసు నీళ్లలో కాళ్లు ఉంచితే మేలు. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసి డాక్టరును పిలిపించు. ఎక్స్‌రే, ఇన్సులిన్ పరీక్ష ఎక్కడ చేయించాలో ఆయన్నే అడుగు. మనకు దగ్గర్లో కోరుట్ల పశువైద్య కళాశాల ఉంది. నొప్పి మందు డాక్టరు చెప్పిందే, చెప్పినంతే. బాపు మాత్రలు దానికి వెయ్యకు. స్టెరాయిడ్ సూది ఎవరైనా వేస్తామంటే ఈ జబ్బు సంగతి ముందే చెప్పు.

ఉలవలు, శనగలు, బెల్లం, లడ్డూలు ఈ రోజుతో బంద్. అలాగని పస్తు పెట్టకు. ఒళ్లు చేసిన గుర్రాన్ని మాడిస్తే కొవ్వంతా రక్తంలోకి దిగి ప్రాణం మీదికొస్తుంది. టేపు తీసుకో. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం కొస నుంచి పిరుదు కొస దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలువు. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగించు. చుట్టుకొలత 165, పొడవు 153 వస్తే బరువు సుమారు 350 కిలోలు. అందులో నూటికి ఒకటిన్నర వంతు, అంటే రోజుకు అయిదుంబావు కిలోల ఎండుగడ్డి, తూచి పెట్టు. గరిక ఎండుగడ్డి దొరికితే మంచిది. గంటసేపు నీళ్లలో నానబెట్టు, ఆ నీళ్లు పారబోయి. చక్కెర కొంత ఆ నీళ్లతో పోతుంది. ఉప్పు, ఖనిజ మిశ్రమం ఎంతో డాక్టరే చెబుతాడు.

నొప్పి పూర్తిగా పోయి డాక్టరు సరేనన్నాకే నడక. అప్పుడు రోజూ మెత్తటి నేల మీద కాస్త కాస్త పెంచుతూ నడిపించు. మేపాలనుకుంటే తెల్లవారుజామున, అదీ కాసేపే. ఎండెక్కిన కొద్దీ గడ్డిలో చక్కెర పెరుగుతుంది. గిట్టలు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి చెక్కించాలి. ముందు కొన పెరగనివ్వకూడదు. ఇది నెలలో తీరే పని కాదు. గిట్ట మొత్తం కొత్తగా దిగడానికి ఏడాది దాకా పడుతుంది. అన్నాళ్లూ ఓపిక పట్టు.

బెల్లం ముక్క కోసం అది నీ జేబు వెతుకుతుంది, నువ్వు కరిగిపోతావు, నాకు తెలుసు. అప్పుడు మెడ నిమురు, మాలీసు చెయ్యి. దానికి నువ్వు దగ్గరుండటమే కావాలి.

చివరి మాట. రోజూ పొద్దున చాయ్ తాగకముందే నాలుగు గిట్టల మీదా చెయ్యి పెట్టి చూడు. అదే చేత్తో సాయంత్రం బాపు అరికాళ్లు కూడా దీపం పట్టి చూడు. రాణికి నొప్పంతా తెలుస్తుంది, చెప్పడానికి నోరు లేదు. బాపుకు నోరుంది, తిమ్మిరెక్కిన కాళ్లలో నొప్పే తెలియదు. ఇద్దరి కాళ్లూ నీ చేతికే తెలియాలి.

వచ్చే ఆదివారం బస్సెక్కి వస్తాను. నాడి మళ్లీ నేనే చూస్తాను.

ఇట్లు,
నీ పెద్దబాపు