వెలికొండ పొరలు

దుత్తలూరు నుండి పడమరగా చూచినచో వెలికొండలు గోడ కట్టినట్లు కానవచ్చును. ఉదయగిరి దుర్గమును ఆ దిక్కుననే నిటారైన బండలపై నిలిచియున్నది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడి సలిపినగాని అది గజపతుల చేజారలేదు. ఆ కోట బలములో సగము రాతి బలమే యని నా తలంపు.

ఆ రాయి ఒకప్పుడు ఇసుక. వెలికొండలు మొదలు పడమట కడప, కర్నూలు సీమల వరకు నేల క్రుంగి, సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల పల్లమేర్పడెను. అందు నీరు నిండెను. ఏరులు తెచ్చిన ఇసుకయు బురదయు అడుగున పొరలు పొరలుగా పేరుకొని, పైబరువునకు అణగి శిలలాయెను. ఇట్టివానిని అవక్షేప శిలలందురు. కొన్ని బండలపై నాటి అలల గీతలు నేటికిని చెదరక యున్నవి. పెన్న యిసుకలో నీరు తీసిన చోట గీతలను చూచినవారు వీనిని ఇట్టే గుర్తింపగలరు. విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లో ప్రకటించిన గ్రంథమున ఈ శిలలను కడప పేరుతోనే వర్ణించెను.

వీని వయస్సు తెలియుటెట్లు? పులివెందుల వద్ద ఈ పొరల నడుమ కరగిన రాయి చొరబడి గడ్డకట్టినది. దాని వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములు. చొరబడినదానికంటె చోటిచ్చిన పొర ముందుదే కదా! అప్పటికి భూమిపై చెట్టు లేదు, చేప లేదు. కావున ఈ రాళ్లలో గవ్వలను వెదకుట వ్యర్థము. వేంపల్లె సున్నపురాతిలో మాత్రము కంటికగపడని సూక్ష్మజీవులు కట్టిన గుబ్బల వంటి పొరలు కలవు.

గాదెలో ఈ యేటి ధాన్యము నిరుటి ధాన్యముపై పడును. పొరలకును అదియే న్యాయము: అడుగుది పాతది, పైది క్రొత్తది. కాని వెలికొండల తూర్పుటంచున ఈ న్యాయము తారుమారైనది. తూర్పునుండి కలిగిన ఒత్తిడికి, చాపను ఒక కొననుండి నెట్టినట్లు, పొరలు ముడుతలు పడెను. నెల్లూరు వైపు పాతరాళ్లు పడమటికి జరిగి క్రొత్తవానిపై కెక్కెను. ఆ ఒత్తిడిలోనే బురదరాయి పలకరాయిగా మారెను. మీ తాతలు అక్షరములు దిద్దిన మార్కాపురము పలక అట్టిదే. అది మట్టి పేరిన వరుసను బట్టి గాక, ఒత్తిడికి అడ్డముగా రేకులై చీలును.

కొండ దిగి దుత్తలూరు మైదానమునకు వచ్చినచో కాలి క్రింద నున్నవి ఆ పాతరాళ్లే. గట్టి రాయి నీటిని పీల్చదు; పైనున్న చివికిన భాగమునను, పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. అచ్చట చిరకాలము నిలిచిన నీటిలో అభ్రకము మొదలగు ఖనిజముల నుండి ఫ్లోరైడు కరగును. ఉదయగిరి ప్రాంతపు బావులు కొన్నిట అది లీటరునకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించియున్నది. అట్టి నీరు త్రాగిన పిల్లల పండ్లపై గోధుమవన్నె మచ్చలేర్పడును; ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు బిగుసుకొనును. దీనికి రంగు లేదు, వాసన లేదు. కాచినను పోదు సరికదా, నీరు ఆవిరియైన కొలది చిక్కనగును. పరీక్షచేతనే అది బయటపడును.