ఆటలో కారు ఎందుకు జారింది?

కంప్యూటరు తెరమీద కార్ల పందెం ఆడటం మీలో చాలామందికి అలవాటే. అటువంటి ఆటలు అనేకం ఉన్నాయి. వాటిలో చాలావాటిలో కారు ఎంత వేగంగా పోతున్నా సరే, మలుపు రాగానే ఒక మీట నొక్కితే బుద్ధిగా తిరుగుతుంది. గోడకు గుద్దుకున్నా బంతిలా ఎగిరి మళ్ళీ బాట పడుతుంది. కాని 1998లో అమెరికాలో తయారైన ఒక ఆట వీటికి పూర్తిగా భిన్నమైనది. దాని పేరు ‘గ్రాండ్ ప్రీ లెజెండ్స్’. పాపిరస్ అనే సంస్థ దాన్ని రూపొందించగా, సియెర్రా సంస్థ విడుదల చేసింది.

ఈ ఆటను పత్రికల విమర్శకులు ఎంతగానో మెచ్చుకున్నారు. కొనేవారు మాత్రం ఆశించినంతగా ముందుకు రాలేదు. ఒకే వస్తువుకు రెండు తీర్పులు ఎలా వచ్చాయి? ఇది ఒక్క ఆటకు సంబంధించిన ప్రశ్న కాదు. ప్రకృతి నియమాలను యంత్రం ఎంతవరకు అనుకరించగలదు, ఆ అనుకరణ బాగున్నదో లేదో మనం ఎలా తేల్చాలి అన్నది అసలు ప్రశ్న. అందుచేత దీన్ని కొంచెం లోతుగా పరిశీలిద్దాం.

1967 నాటి కార్లు

ఈ ఆటలోని కార్లు 1967 నాటి ఫార్ములా వన్ పోటీలలో పాల్గొన్నవి. ఆ ఏడాది డెన్నీ హల్మ్ విజేతగా నిలిచాడు. జిమ్ క్లార్క్ నడిపిన లోటస్ 49 అనే కొత్త కారు నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో తన మొట్టమొదటి పోటీలోనే గెలిచింది. దాని ఇంజను శక్తి సుమారు 400 అశ్వసామర్థ్యం. కారు బరువు 500 కిలోగ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

కారును నేలకు అదిమిపట్టే రెక్కలు అప్పటికి ఇంకా రాలేదు. అవి ఫార్ములా వన్ కార్లకు 1968లో వచ్చాయి. అంటే అంత శక్తిగల కారును బాటమీద నిలిపేది నాలుగు టైర్ల పట్టు మాత్రమే అన్నమాట. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ బాట ఒక్క చుట్టే సుమారు 22.8 కిలోమీటర్లు. ఆ రోజుల్లో ఈ పందేలు ఎంతో ప్రమాదకరమైనవి. 1967 మేలో మొనాకో పోటీలో గాయపడిన లోరెంజో బాందీని మూడు రోజుల తరువాత మరణించాడు. 1968 ఏప్రిల్‌లో మరొక పోటీలో జిమ్ క్లార్క్ కూడా ప్రాణాలు కోల్పోయాడు.

మలుపులో ఏం జరుగుతుంది?

జడత్వం కారణంగా ప్రతి వస్తువూ తిన్నగా పోవాలనే చూస్తుంది. దాన్ని వృత్తాకార మార్గంలో తిప్పాలంటే కేంద్రం వైపు లాగే బలం ఒకటి కావాలి. దీన్నే అభికేంద్ర బలం అంటారని మీరు చదువుకున్నారు. కారు విషయంలో ఈ బలాన్ని ఇచ్చేది టైరుకూ నేలకూ మధ్య ఉన్న ఘర్షణ.

వేగం వర్గాన్ని మలుపు వ్యాసార్ధంతో భాగిస్తే అవసరమైన త్వరణం వస్తుంది. వ్యాసార్ధం 50 మీటర్లు అనుకుందాం. గంటకు 36 కి.మీ. వేగమంటే సెకనుకు 10 మీటర్లు. అప్పుడు కావలసిన త్వరణం 100ను 50తో భాగించగా 2. గంటకు 72 కి.మీ. అయితే, 400ను 50తో భాగించగా 8. చూశారా! వేగం రెండింతలైతే కావలసిన పట్టు నాలుగింతలైంది. మామూలు టైరు పొడినేల మీద ఇవ్వగలిగినది దాదాపు అంతే. ఆపైన ఏమాత్రం వేగం పెంచినా కారు జారక తప్పదు.

చేతిలోని సొమ్ము

టైరు పట్టును చేతిలోని నూరు రూపాయలతో పోల్చవచ్చు. బ్రేకు వేయడానికీ, మలుపు తిరగడానికీ రెండింటికీ అందులోంచే ఖర్చు పెట్టాలి. అయితే ఇక్కడ లెక్క మామూలు తీసివేత కాదు. రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కనుక పైథాగరస్ సూత్రం వర్తిస్తుంది. బ్రేకుకు 60 వాడితే మలుపుకు 80 మిగులుతుంది. ఎందుకంటే 60 వర్గం, 80 వర్గం కలిపితే 100 వర్గం అవుతుంది. బ్రేకుకే నూరూ ఖర్చుచేస్తే మలుపుకు మిగిలేది సున్నా. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది.

ఇంకొక చిక్కు ఉంది. మలుపు మధ్యలో యాక్సిలరేటరు మీదినుంచి కాలు చటుక్కున తీస్తే కారు బరువు కొంత ముందు చక్రాల మీదికి జరుగుతుంది. వెనుక చక్రాలు తేలికపడి పట్టు కోల్పోతాయి. కారు తోక బయటకు విసురుకుని గిర్రున తిరుగుతుంది. భయపడి కాలు తీయడమే ప్రమాదానికి కారణమవుతుందన్నమాట! ‘గ్రాండ్ ప్రీ లెజెండ్స్’ కొత్తగా ఆడేవారికి మొదట ఎదురయ్యే పాఠం ఇదే.

సెకనుకు 288 లెక్కలు

ఇదంతా కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? కంప్యూటరు కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ఒక్కొక్క ముక్కలో ప్రతి చక్రం మీద పడే బరువెంత, టైరు ఎంత జారుతున్నది, ఏ బలం పుడుతున్నది అని లెక్కగట్టి, కారు తరువాతి స్థానాన్ని నిర్ణయిస్తుంది. ఈ ఆటలో తెరమీద బొమ్మ సెకనుకు 36 సార్లు మారితే, చలనపు లెక్క సెకనుకు 288 సార్లు జరుగుతుంది. అంటే ఒక్కొక్క బొమ్మకు 8 లెక్కలు. గంటకు 180 కి.మీ. వేగంతో పోయే కారు రెండు బొమ్మల మధ్య సుమారు 1.4 మీటర్ల దూరం పోతుంది. రెండు లెక్కల మధ్య పోయే దూరం దాదాపు 17 సెంటీమీటర్లే. ముక్క ఎంత చిన్నదైతే లెక్క అంత నిజానికి దగ్గరగా ఉంటుంది.

విమర్శకుల తీర్పు

విమర్శకులు మెచ్చుకున్నది ముఖ్యంగా ఈ చలన నియమాలనే. కారు బరువు అటూ ఇటూ ఊగడం, టైరు క్రమక్రమంగా పట్టు విడవడం, పాత బాటలను శ్రద్ధగా పునర్నిర్మించడం వారికి నచ్చాయి. కాని ఆట చాలా కష్టమనీ, స్టీరింగు చక్రమూ పెడళ్ళూ లేకుండా ఆడటం దాదాపు వ్యర్థమనీ వారే హెచ్చరించారు. దీనికి ఆనాటి కంప్యూటర్లలో శక్తిమంతమైనవి కావలసి రావడం కూడా ఒక అడ్డంకి అయింది.

దీనికి ముందే, 1997 డిసెంబరులో, జపానులో ‘గ్రాన్ టురిస్మో’ అనే మరొక ఆట వెలువడింది. దాని రూపకర్త కజునోరి యమౌచి. వాస్తవికతకు అదీ విమర్శకుల మెప్పు పొందింది. ప్రపంచమంతటా కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. అయితే అందులో గోడకు గుద్దుకున్నా కారుకు దెబ్బ తగలదు. అది దాని లోపం. కాని అందులో ఒక మంచి ఏర్పాటు ఉంది. బ్రేకు వేయడం, మలుపు తిరగడం వంటి చిన్న చిన్న పరీక్షలు నెగ్గి లైసెన్సు సంపాదిస్తేగాని పెద్ద పోటీలలోకి ప్రవేశం లేదు. నేర్చుకునేవాడికి మెట్లు కట్టి ఇచ్చారన్నమాట.

కష్టమంతా వాస్తవమేనా?

ఇక్కడ మనం జాగ్రత్తగా ఆలోచించాలి. ఆట కష్టంగా ఉంది కాబట్టి అది నిజానికి దగ్గరగా ఉన్నట్టేనా? కాదు. నిజమైన కారులో కూర్చున్నవాడికి వెనుక చక్రం జారబోతున్నదని కంటికంటే ముందే ఒంటికి తెలుస్తుంది. చెవిలోని సమతాస్థితి అవయవమూ, సీటుకు ఆనుకున్న వీపూ ఆ సమాచారాన్ని మెదడుకు అందిస్తాయి. తెర ముందు కూర్చున్నవాడికి ఆ దారి మూసుకుపోయింది. అతనికి మిగిలేవి ముఖ్యంగా కన్నూ, చెవీ మాత్రమే. కనుక లెక్క ఎంత సరిగా ఉన్నా, ఆటలోని కారు నిజమైన కారుకంటే ఒక విధంగా ఎక్కువ కష్టం కావచ్చు.

అందువల్ల విమర్శకుడూ, కొనుగోలుదారూ ఇద్దరూ తమ తమ దృష్టిలో సరిగానే చెప్పారు. కారు నియమాలను ఎంత బాగా అనుకరించిందని ఒకరు చూశారు. ఆ అనుకరణ తనకు ఎంతవరకు అందిందని రెండోవారు చూశారు. ఏ సమీక్ష చదివినా అది ఈ రెండింటిలో దేన్ని కొలుస్తున్నదో ముందు గుర్తించండి.

ఈ ఆట అంతటితో మరుగున పడిపోలేదు. ఔత్సాహికులు ఏళ్ళ తరబడి దానికి కొత్త బాటలూ, 1965, 1969 సంవత్సరాల కార్లూ చేర్చారు. పాపిరస్ వ్యవస్థాపకులలో ఒకడైన డేవిడ్ కేమర్ తరువాత జాన్ హెన్రీతో కలిసి 2004లో ఐరేసింగ్ అనే సంస్థను స్థాపించాడు. 2020లో కరోనా వల్ల పందేలు ఆగిపోయినప్పుడు అమెరికాలోని నాస్కార్ డ్రైవర్లు ఈ సంస్థ తయారుచేసిన అనుకరణ మీదే పోటీపడగా, ఆ పోటీలు టెలివిజన్‌లో కూడా ప్రసారమయ్యాయి.

ఇక మన సంగతి. మీ సైకిలుకూ, ఇంట్లోని మోటారు సైకిలుకూ ఇవే నియమాలు వర్తిస్తాయి. మలుపులో ఇసుక ఉన్నా, వాన పడినా చేతిలోని నూరు రూపాయలు యాభయ్యో అరవయ్యో అవుతాయి. కాబట్టి బ్రేకు మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే వేయాలి. ఆటలో జారితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రోడ్డుమీద ఆ వీలు లేదు.

మీరే చేసి చూడండి

1. మలుపు వ్యాసార్ధం 20 మీటర్లు. తడినేల మీద టైరు ఇవ్వగల త్వరణం 5 అయితే, జారకుండా పోగల గరిష్ఠ వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు?

2. పట్టు మొత్తం 100 అయినప్పుడు బ్రేకుకు 80 వాడితే మలుపుకు ఎంత మిగులుతుంది?

3. మీకు తెలిసిన ఒక కార్ల పందెం ఆటను తీసుకోండి. వేగం రెండింతలు చేస్తే అదే మలుపులో కారు తీరు మారుతున్నదా? మీరు గమనించినది పది వాక్యాలలో రాయండి. అదే మీ మొదటి సమీక్ష అవుతుంది.